బూట్ కాకపోతే చచ్చినట్టేనా?

నాది కొండాపూర్. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదండోయ్, సంగారెడ్డి పక్కనున్న కొండాపూర్. ఆఫీసు ఆ కొండాపూర్‌లో, ఇల్లు ఈ కొండాపూర్‌లో. ఈ ముక్క చెప్పగానే ఎదుటివాళ్లు నవ్వడం, మొహమాటానికి నేనూ నవ్వడం ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ జరుగుతున్నదే. మా కొండాపూర్‌లో గాజు మేడలు లేవు గానీ ఒక మ్యూజియం ఉంది. 1940లలో నిజాం సర్కారు పురావస్తు శాఖ ఇక్కడి దిబ్బ తవ్విస్తే శాతవాహనుల కాలం నాటి నాణేలు, పూసలు, మట్టిబొమ్మలు బయటపడ్డాయి. రెండువేల ఏళ్ల కింద ఎవరి మెడలోంచో తెగిపడ్డ పూసకి అంత మర్యాద జరిగే మండలంలో, పన్నెండేళ్ల కంప్యూటరుకి మాత్రం పాతసామాన్ల బండే గతి. ఈ టపా ఆ బండి గురించి.

మూడు వారాల కింద శనివారం రాత్రి మా లెక్కల సారు ఫోన్ చేశారు. నేను చదువుకున్న సర్కారు బడి. ఆయన మధ్యలో రెండు చోట్లకి బదిలీ అయ్యి మళ్లీ అక్కడికే వచ్చారు.

"అరేయ్, రేపు ఇంటికాడ్నే ఉంటవా? ఒక్కసారి బడికాడికి రారాదు. గా కంప్యూటర్లు స్క్రాపుకు ఏసేద్దామంటున్నరు. ఏసేముందు నువ్వు గూడ ఒకసారి చూసి చెప్పు."

సంగతేమిటంటే, పటాన్‌చెరు వైపు ఒక కంపెనీ తన ఆఫీసు కంప్యూటర్లు మార్చుకుని పాతవి తొమ్మిదింటిని బడికిచ్చింది. ఎందుకు మార్చుకుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఎక్కాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసరు ఉండాలి. నిన్నటిదాకా బిల్లులు కొట్టిన పెట్టె ఒక తేదీ దాటగానే పనికిరానిదైపోయింది. దాంట్లో ఏ తీగా తెగలేదు, ఏ చిప్పూ కాలలేదు. కానలిస్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ 2023 చివర్లోనే అంచనా వేసింది, ప్రపంచం మొత్తమ్మీద 24 కోట్ల కంప్యూటర్లు ఈ దెబ్బకి చెత్తలో చేరొచ్చని. అలాంటివే తొమ్మిది మా బడికొచ్చాయి.

వాటికి లినక్సు వేసిపెడతానని ఒక కుర్రాడు ముందుకొచ్చాడు. మనలాంటివాడే, ఇంజనీరే, మంచివాడే. ఆదివారం పూట సొంత పెట్రోలు పోసుకుని వచ్చాడు కాబట్టి అతన్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగం వాడుకుంటాను. రెండు పెన్ డ్రైవులు తెచ్చాడు. మూడు కంప్యూటర్లు ఎక్కాయి. ఆరు ఎక్కలేదు. సాయంత్రానికి "ఈ ఆరూ డెడ్ సార్, హార్డ్‌వేరు పోయింది" అని తీర్పు చెప్పి, మూడింటి ముందు నిలబడి ఫొటో దిగి వెళ్లాడు. స్క్రాపు ఆయన ఆరింటికీ కలిపి 1800 ఇస్తానన్నాడట. అంటే తలా మూడు వందలు. ఆ డబ్బుతో బడికి రెండు ఫ్యాన్లు కూడా రావు.

"ఆయన గూడ ఇంజనీరే, నువ్వు గూడ ఇంజనీరే. ఇద్దరొక్క తీర్గనే చెప్తే ఇచ్చేస్త," అన్నారు సారు.

సరే, అసలు విషయానికొస్తాను. "బూట్ కావట్లేదు" అనేది జబ్బు పేరు కాదు. సంగారెడ్డిలో బయల్దేరిన బస్సు పటాన్‌చెరు రాలేదనుకోండి. "బస్సు చచ్చిపోయింది" అంటారా? కంది దాటిందా, రుద్రారం దగ్గర టైరు పేలిందా, ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల మధ్య ఇరుక్కుందా అని అడుగుతారు. కంప్యూటరు కూడా అంతే. పవర్ మీట నొక్కినప్పట్నుంచి లాగిన్ తెర వచ్చేదాకా ఒక వరసలో ఒకరి చేతిలోంచి ఒకరికి పని మారుతుంది. ముందు ఎస్ఎంపీఎస్ సరైన ఓల్టేజీ ఇవ్వాలి. తర్వాత బయోసో యూఈఎఫ్ఐయో లేచి ర్యామునీ డిస్కునీ పలకరించాలి. అది గ్రబ్‌ని పిలవాలి. గ్రబ్ కెర్నెల్‌నీ దాని వెంట ఒక చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమునీ మెమరీలోకి తేవాలి. కెర్నెల్ అసలు డిస్కుని వెతికి పట్టుకోవాలి. చివర్లో బొమ్మ రావాలి. ప్రతి మజిలీలోనూ ఆగిపోయే తీరు వేరు, ఆగినప్పుడు తెర మీద కనిపించే గుర్తు వేరు. అసలు లైటే వెలక్కపోవడం, బీప్‌మని మొత్తుకోవడం, 'గ్రబ్ రెస్క్యూ' అనే ప్రాంప్టు దగ్గర నిలబడిపోవడం, కెర్నెల్ పానిక్, నల్ల తెర మీద మిణుకుమనే ఒక గీత, ఇవన్నీ ఒకే రోగమని చెప్పేవాడు డాక్టరైతే మనం వాడి దగ్గరికి వెళ్తామా?

ఆఫీసులో ఇదే మనిషి, అంటే మనమే, రాత్రి రెండింటికి ఆన్‌కాల్‌లో ఎక్కడో అమెరికా సర్వరు పడిపోతే లాగులన్నీ ముందేసుకుని, ఏ సెకనులో ఏ సర్వీసు పోయిందో నిమిషానికో మెయిలు కొడతాం. "సర్వర్ డెడ్, స్క్రాపుకిచ్చేయండి" అని క్లయింటుకి రాసే ధైర్యం ఎవరికైనా ఉందా? బడి కంప్యూటరు దగ్గరికొచ్చేసరికి ఆ చదువంతా ఏమైపోతుందో. నాకు కోపం అక్కడ.

ఆదివారం పొద్దున బడికి వెళ్లాను. సారు, నేను, ఎండాకాలం పనేమీ లేని నలుగురు పిల్లలు. కొత్త రక్తం ఎక్కించే పని ఏదీ చేయలేదు. కేవలం తెర మీద ఏం రాసుందో చదివాం.

మొదటిది మూడో తరం ఐ3. లైవ్ ఫైల్ సిస్టమ్ ఉన్న మీడియం దొరకలేదని చెప్పి నిలబడిపోయింది. అది పెన్ డ్రైవు నుంచే సగం దూరం వచ్చి, మిగతా సగం కోసం అదే పెన్ డ్రైవుని వెతికి దొరక్క ఏడుస్తోంది. డ్రైవు క్యాబినెట్ ముందువైపు పోర్టుకి పెట్టి ఉంది. ఏళ్లతరబడి వదులైపోయిన పోర్టు. వెనక మదర్‌బోర్డు మీదున్న పోర్టులో పెట్టాం, ఎక్కింది. అంతే! హార్డ్‌వేరు పోయిందట, హార్డ్‌వేరు. ఇంకో మాట, ఈ పెన్ డ్రైవులతో జాగ్రత్త. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్ఓ ఫైలు చెక్‌సమ్ సరిచూడకుండా, రాసిన డ్రైవు మంచిదో కాదో చూడకుండా మొదలెట్టి, మధ్యలో 'స్క్వాష్ఎఫ్ఎస్ ఎర్రర్' అని వరసలు వరసలు వస్తే కంప్యూటరుని తిట్టేవాళ్లని చాలామందిని చూశాను. అందులో ఒకడు నేనే, బీటెక్ మూడో సంవత్సరంలో.

రెండోది ఇంకో ఐ3. ఆన్ చేయగానే 'సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ఎఫ్1 నొక్కండి' అంటుంది. ఆపి ఆన్ చేసినప్పుడల్లా దాని లోకంలో 2012 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది కదా, సీఆర్2032, అది అయిపోయింది. దాంతో బయోస్‌లో పెట్టుకున్న బూట్ క్రమం, డిస్కు మోడ్ అన్నీ ప్రతిసారీ మొదటికొస్తున్నాయి. మన వీరుడు బూట్ క్రమం మార్చాడు, సేవ్ చేశాడు, కరెంటు తీసి పెట్టగానే అంతా మాయం. "బోర్డు పోయింది" అన్నాడు. ఇందులో ఇంకో తమాషా ఉంది. తేదీ తప్పుంటే ఇన్‌స్టాల్ అయ్యాక కూడా వదలదు. సాఫ్టువేరు జాబితా తెచ్చుకోబోతే 'ఈ ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదు' అంటుంది, వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు నమ్మనంటుంది. నిజమే కదా, 2012లో కూర్చున్నవాడికి నేటి సర్టిఫికెట్ భవిష్యత్తులోంచి వచ్చినట్టే. పిల్లల్లో ఒకడు సైకిలేసుకుని సంగారెడ్డి రోడ్డు మీది గడియారాల దుకాణానికి వెళ్లి బ్యాటరీ తెచ్చాడు. ముప్పై రూపాయలు.

మూడోది కోర్ 2 డ్యూయో. నాకు నిజంగా ఒళ్లు మండింది దీని దగ్గరే. దీనికి ర్యాము రెండే జీబీ ఉందని, "తేలిగ్గా ఉంటుంది" అని, మనవాడు ఆఫీసు సర్వర్లలో వాడే రకం లినక్సు పెట్టాడు. అది కెర్నెల్ పానిక్ అంది. పైన ఒకే ఒక్క వరస ఉంది, ఎర్రగా కూడా లేదు పాపం, మామూలు తెల్ల అక్షరాల్లో: ఈ సీపీయూకి ఎక్స్86-64-వి2 మద్దతు లేదని. అంతకంటే స్పష్టంగా ఏ యంత్రమైనా ఏం చెబుతుంది? రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్సు 9, 2022లో వచ్చినప్పుడే ఎక్స్86-64-వి2 కంటే తక్కువ ప్రాసెసర్లని వదిలేసింది, పదో వెర్షను ఇంకో మెట్టెక్కి వి3 అడుగుతోంది. కోర్ 2 డ్యూయోలో ఎస్ఎస్ఈ 4.2 లాంటి ఆదేశాలు లేవు కాబట్టి అది వి2 కాదు. 64 బిట్టే, కానీ మొదటి రకం 64 బిట్టు. డెబియన్‌కి ఆ పట్టింపు లేదు. డెబియన్ పెట్టాం, తేలికపాటి ఎక్స్ఎఫ్‌సీఈ తెరతో ఎక్కింది. అన్నట్టు, ఇలాంటివాటిలో 32 బిట్ విండోస్ 7 చూసి "ఇది 32 బిట్ కంప్యూటరు" అని తేల్చేసేవాళ్లున్నారు. వేసిన విండోస్ 32 బిట్ అయినంత మాత్రాన కింద ప్రాసెసరు 32 బిట్ అయిపోదు బాబూ.

నాలుగోది కూడా కోర్ 2 డ్యూయోనే, లోపల ఎప్పటిదో గ్రాఫిక్స్ కార్డు. గ్రబ్ మెనూ వస్తుంది, ఎంటర్ కొడితే నల్ల తెర. అంతే, ఇక పలకదు. "ఇదైతే గ్యారంటీగా పోయింది" అన్నాడట.

ఇక్కడ మన లినక్సువాళ్ల మీద నా రెండో ఫిర్యాదు. ఆ తెర ఎందుకు మౌనంగా ఉంది? మనమే నోరు మూసుకోమన్నాం కాబట్టి. గ్రబ్ మెనూలో ఆ వరస మీద 'ఈ' నొక్కి చూడండి. లినక్స్ అని మొదలయ్యే వరస చివర్న చాలా డిస్ట్రోల్లో 'క్వయట్ స్ప్లాష్' అని రెండు మాటలుంటాయి. మొదటిది సందేశాలు చూపించొద్దని, రెండోది వాటి బదులు ఒక అందమైన బొమ్మ చూపించమని. నున్నగా కనబడాలి కదా, విండోస్‌లాగా, మ్యాక్‌లాగా! లోపల ఏం జరుగుతుందో దాచనిదే లినక్సు అని కాలేజీల్లో ఉపన్యాసాలిస్తాం, మొదటి నిమిషంలోనే దాని నోటికి గుడ్డ కుక్కుతాం. ఎక్కినప్పుడు బానే ఉంటుంది. ఎక్కనప్పుడు, సరిగ్గా దాని మాట కావాల్సి వచ్చినప్పుడు, మనిషి ముందు నల్ల తెర ఒక్కటే మిగులుతుంది.

పిల్లల్లో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి నా పక్కనే నిలబడి చూస్తోంది. అడిగింది, "సార్, క్వయట్ అంటే మాట్లాడద్దు అని కదా. అది తీసేస్తే మాట్లాడ్తదా?"

తీసెయ్యమన్నాను. తనే తీసింది. కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కింది. తెర నిండా వరసలు పరిగెత్తి ఒక చోట ఆగాయి. చివరి వరస ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. అంతా అర్థం కాలేదు గానీ ఆ వరసలో గ్రాఫిక్స్ డ్రైవరు పేరుందని కనిపెట్టాం. మళ్లీ మొదట్నుంచి వచ్చి 'నోమోడ్‌సెట్' అని చేర్చాం, అంటే ఇప్పుడే కార్డు జోలికి పోకుండా ఉన్న బొమ్మతోనే సర్దుకోమని. ఎక్కేసింది. ఇది ఊతకర్ర మాత్రమే, శాశ్వతంగా వాడితే తెర నత్తనడక నడుస్తుంది. మేమైతే ఆ కార్డు పీకేసి, మానిటరుని బోర్డు మీదున్న వీజీఏకే కలిపేశాం. తర్వాత ఏ కర్రా అక్కర్లేకపోయింది.

నలుగురు పిల్లలు బిక్కుబిక్కుమంటూ చూసిన నల్ల తెరని, రెండు మాటలు చెరిపి మాట్లాడించడం ఆ అమ్మాయికి ఎంత సరదాగా ఉందో మీరు చూడాల్సింది. మిగతా అన్నింటి దగ్గరా తనే 'క్వయట్' తీసింది, అవసరం లేకపోయినా :)

ఐదోది చిత్రమైన కేసు. ఇన్‌స్టాల్ శుభ్రంగా అయిపోతుంది. రీస్టార్ట్ కొడితే బూట్ చేయడానికి ఏమీ లేదంటుంది. ఇది యూఈఎఫ్ఐ కంప్యూటరు. లినక్సు తన పేరు ఫర్మ్‌వేరు జాబితాలో రాసుకుంటుంది, ఈ ఫర్మ్‌వేరు రీస్టార్ట్‌లో ఆ పేరు కొట్టేసి విండోస్ బూట్ మేనేజరునే వెతుక్కుంటుంది. కొన్ని పాత కంప్యూటర్ల ఫర్మ్‌వేరు రాసినవాళ్లకి లోకంలో ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉందని నమ్మకం. ఇలాంటివాటికి దొడ్డిదారి ఉంది. పెన్ డ్రైవులకోసం యూఈఎఫ్ఐలోనే ఒక స్థిరమైన చోటు పెట్టారు, ఈఎఫ్ఐ పార్టిషన్‌లో బూట్ అనే ఫోల్డరు, అందులో బూట్ఎక్స్64 అనే ఫైలు. జాబితాలో ఏమీ దొరక్కపోతే ఫర్మ్‌వేరు అక్కడ చూస్తుంది. గ్రబ్-ఇన్‌స్టాల్ కమాండుకి 'రిమూవబుల్' అనే ఆప్షను చేరిస్తే గ్రబ్ అక్కడే కూర్చుంటుంది. డెబియన్ ఇన్‌స్టాలరైతే ఎక్స్‌పర్ట్ పద్ధతిలో ఈ ప్రశ్న తనే అడుగుతుంది. మాకు నలభై నిమిషాలు పట్టింది. అందులో ముప్పై నేను తప్పు పార్టిషన్ మౌంటు చేసుకుని తల గోక్కున్నవి.

ఆరోది పెంటియం 4. ఏ స్టోర్ రూములోంచి ఎలా ఈ గుంపులో చేరిందో. మూత తీస్తే రెండు బల్లి గుడ్లు, ప్రాసెసరు పక్కన కెపాసిటర్లు పూరీల్లా పొంగి ఉన్నాయి. 2000ల మొదట్లో వచ్చిన బోర్డులకి ఈ కెపాసిటర్ల రోగం ప్రపంచమంతా ఉండేది. ఇది నిజంగానే పోయింది. కెపాసిటర్లు మార్చొచ్చు, నాకు సోల్డరింగ్ వచ్చు, కానీ అంత కరెంటు తాగి అంత వేడి కక్కేదాన్ని బతికించి పిల్లల ముందు పెట్టడం ఎందుకు? పైగా 32 బిట్ కాలం దాటిపోయింది. ఉబుంటు 2017లో 17.10తో డెస్క్‌టాప్‌కి 32 బిట్ డిస్కులు ఆపేసింది, ఫెడోరా 2019లో 31తో ఆ కెర్నెల్ ఆపింది, ఆఖరికి డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షనుకి 32 బిట్ ఇంటెల్ ఇన్‌స్టాలరు ఇవ్వలేదు. కాబట్టి అయ్యా, "ఏ పాత కంప్యూటరుకైనా లినక్సు ఉంది" అని గొప్పలు చెప్పేముందు ఒకసారి ఆలోచించుకోండి. విండోస్‌వాళ్లు ఎనిమిదో తరం దగ్గర గీత గీస్తే తిట్టాం. మన ఇంట్లోనూ గీతలున్నాయి, కాస్త వెనగ్గా ఉన్నాయంతే. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఎంతకాలమని ఇరవై ఏళ్ల చిప్పుల్ని మోస్తారు? వాళ్ల తప్పు లేదు. తప్పల్లా ఆ గీత ఎక్కడుందో చెప్పకుండా "రాకెట్‌లా దూసుకుపోతుంది" అని ప్రచారం చేసే మనది. రెండు జీబీ ర్యాములో ఏ లినక్సు వేసినా, ఇవాళ్టి బ్రౌజరు తెరిచి నాలుగు ట్యాబులు పెడితే ఎడ్లబండే. ఆ మాట సారుకి ముందే చెప్పాను. "టైపింగు, లెక్కల ఆటలు, పైథాను అయితే సరిపోతది కదరా" అన్నారు. సరిపోతుంది.

అంటే ఆరు "డెడ్" కంప్యూటర్లలో నిజంగా చచ్చింది ఒక్కటి. సాయంత్రం ఆరింటికి లెక్క ఇదీ.

సోమవారం ఆఫీసు క్యాంటీన్‌లో ఈ కథ చెబితే ఒక మిత్రుడు, చాలా తెలివైనవాడు, కాఫీ కలుపుతూ, "నీ గంట రేటెంత? తొమ్మిది గంటలు. ఆ డబ్బుతో రెండు రిఫర్బిష్డ్ కంప్యూటర్లు వచ్చేవి, డొనేట్ చేసుంటే పోయేది" అన్నాడు. ఇది వినడానికి లెక్కలా ఉంటుంది గానీ లెక్క కాదు. మొదటిది, నా ఆదివారానికి ఎవడూ రేటు కట్టట్లేదు. నేను బడికి పోకపోతే మధ్యాహ్నం దాకా పడుకునేవాణ్ని. రెండోది, వాడు కొనిస్తానన్న ఆ రెండూ నాలుగేళ్లకి ఒకనాడు పొద్దున బూట్ కావు. అప్పుడు? మళ్లీ స్క్రాపు బండికేనా?

ఇది నాకు ఊహ కాదు, అనుభవం. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు ఐదువేల ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ ల్యాబులు పెట్టింది, ప్రైవేటు సంస్థలకి ఐదేళ్ల ఒప్పందాలిచ్చి. ఆ పద్ధతి పేరేంటో తెలుసా? బూట్! బిల్డ్, ఓన్, ఆపరేట్, ట్రాన్స్‌ఫర్. కట్టు, నీదిగా ఉంచుకో, నడుపు, అప్పగించు. నేను అప్పుడు ఆరో తరగతి. కొత్త పెయింటు వాసన, ఏసీ లేకపోయినా చెప్పులు బయట విడవాలి, నలుగురికి ఒక మౌసు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మా ల్యాబులో సగం తెరలు నల్లబడ్డాయి. "ముట్టుకోకండి, ఖరాబైతే ఎవరు బాగుచేస్తరు?" అనేవారు. పదో తరగతి అయ్యేనాటికి గదికి తాళం. ఆ యంత్రాలకి నిజంగా ఏమైందో ఇప్పటికీ నాకు తెలీదు. బీటెక్ మొదటి సంవత్సరం ల్యాబులో షట్‌డౌన్ ఎక్కడుందో వెతుక్కుంటూ పక్కవాడి తెర దొంగచూపు చూసింది మాత్రం బాగా గుర్తుంది. పక్కవాడు నిజాంపేట కార్పొరేట్ స్కూలు. వాడు నవ్వలేదు, చూపించాడు. అయినా ఆ చెవుల వేడి ఇంకా పోలేదు.

బాగుచేయడం తెలిసిన ఒక్క మనిషి ఆ బడిలో ఉండుంటే? కేరళలో అదే చేశారు. ఐటీ@స్కూల్ అన్నారు, 2017 నుంచి కైట్ అంటున్నారు. అక్కడి సర్కారు బడులు ఏళ్లుగా లినక్సు మీద నడుస్తున్నాయి. వాళ్లకి మనకంటే మంచి కంప్యూటర్లు దొరికాయని కాదు, టీచర్లకి నేర్పారు. బడిలోనే చూసుకునేవాళ్లు తయారయ్యారు. మనదగ్గరా స్వేచ్ఛ లాంటి సంస్థలు 2005 నుంచీ లినక్సుని తెలుగులోకి తెస్తూ వచ్చాయి, ఆ శ్రమని తక్కువ చేయను. ఐతే మెనూ తెలుగులో వచ్చేది కంప్యూటరు ఎక్కిన తర్వాత కదా. అంతకుముందు రెండు నిమిషాల్లో పక్కన మనిషి కావాలి.

"యూజరే ఏదో నొక్కుంటాడు" అనే మాట ఒకటుంది, సపోర్టులో పనిచేసినవాళ్లందరి నోటా. 2024 ఆగస్టులో ఏమైంది మరి? విండోస్, లినక్సు పక్కపక్కన పెట్టుకున్న బోలెడుమంది కంప్యూటర్లు ఒక విండోస్ అప్‌డేట్ తర్వాత లినక్సు ఎక్కడం మానేశాయి. 'ఏదో తీవ్రమైన పొరపాటు జరిగింది' అని ఒక వరస చూపించి ఆగిపోయాయి. పాత బూట్‌లోడర్లని సెక్యూర్ బూట్ నమ్మకుండా చేసే మార్పు అది, పక్కన లినక్సు ఉన్న కంప్యూటర్లని తాకకూడదనుకున్నారు, తాకింది. వాడినవాళ్లు ఏమీ నొక్కలేదు, రాత్రి ఆపి పొద్దున ఆన్ చేశారంతే. బడిలో సారు కూడా ముందు అదే అడిగారు, "మా పిల్లలేమన్న ఒత్తిన్రా?" అని. ఒత్తలేదు సార్. పిల్లల్ని ఆ గదిలోకి రానిస్తే కదా ఒత్తడానికి.

ఇక స్క్రాపు బండి సంగతి. ఆ మూడు వందల కంప్యూటరు ఎక్కడికి పోతుందనుకుంటున్నారు? మనకి చట్టం ఉంది, 2022 ఈ-వ్యర్థాల నిబంధనలు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలు. నమోదైన రీసైక్లర్లకే పోవాలి. బండి ఆయనకి ఆ సంగతి ఎవరు చెప్పారు? రాగి కోసం తీగలు కాల్చడం, మిగిలింది గుంటలో పారేయడం. అలా గుంటల్లో పారేసింది ఎక్కడ తేలుతుందో పటాన్‌చెరు పక్కన పుట్టినవాళ్లకి నేను చెప్పాలా? మా నాయిన అక్కడ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేశాడు. నక్కవాగు నీళ్ల కేసు 1990లో సుప్రీంకోర్టుకెక్కింది. పంట పోయిన రైతులు అప్పట్నుంచీ ఆ కోర్టూ ఈ కోర్టూ తిరిగారు. అందుకే ఆ పెంటియం 4ని కూడా నేను బండికి ఇవ్వనివ్వలేదు. ఎస్ఎంపీఎస్, కేబుళ్లు, రెండు స్క్రూల డబ్బా నిండా తీసి దాచుకున్నాం. బోర్డుని సక్రమమైన చోటుకి నేనే తీసుకెళ్తానన్నాను. ఇంకా నా బండి డిక్కీలోనే ఉంది, ఒప్పుకుంటున్నా.

మిమ్మల్ని నేను అడిగేది బడికి రమ్మని కూడా కాదు. వచ్చే వారం మీ ఊరినుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. బాబాయో, పక్కింటి డిప్లొమా పిల్లాడో. "లినక్సు వేస్తుంటే బూట్ ఐతలేదన్నా" అంటాడు. "పాతది కదా, వదిలెయ్" అనే మాట నోటిదాకా వస్తుంది, నాకూ వస్తుంది. ఆ మాట మింగేసి, తెర ఫొటో తీసి పంపమనండి. ఏ మాట తర్వాత ఆగింది, బీప్ ఎన్నిసార్లు కొట్టింది, తేదీ ఎంత చూపిస్తోంది, పెన్ డ్రైవు ఏ వైపు పెట్టాడు, ఇవి అడగండి. ఐదు నిమిషాలు. అప్పటికీ పోయిందనిపిస్తే పోయిందనే చెప్పండి, ఏది పోయిందో కూడా చెప్పండి.

మా లెక్కలో ఒక చిక్కు మిగిలింది. మూడో కంప్యూటరు, ఆ కోర్ 2 డ్యూయో, ఎక్కిందని చెప్పాను కదా. గంట నడిచి దానంతటదే కొయ్యబారిపోయింది. కాంటాక్టులు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టినా అంతే. రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి ఉంచమన్నాను. పొద్దున ఆ అమ్మాయి సారు ఫోన్లోంచి ఫొటో పంపింది, తెర నిండా ఎర్ర వరసలు. రెండు ర్యాము కడ్డీల్లో ఒకటి తీసేసి మళ్లీ పెట్టి చూసి, ఏది చెడ్డదో కూడా వాళ్లే తేల్చి దాని మీద పెన్నుతో గుణకారం గుర్తు వేశారు. ప్రస్తుతం ఒక జీబీతో మూలుగుతోంది. మీ అటకల మీద డీడీఆర్2, డెస్క్‌టాప్‌ది, ఒక జీబీ గానీ రెండు జీబీలు గానీ పడుంటే చెప్పండి. మియాపూర్ నుంచి సంగారెడ్డి దాకా ఈ రోడ్డు మీద ఎక్కడైనా సరే, వచ్చి తీసుకుంటాను.